టకటకాసుర మర్దనము

శ్రోతలారా! పడమటి మేడల మీది నీటి ట్యాంకుల వెనుకకు అరుణకిరణుడగు భానుడు జారుచుండ, కార్యాలయ కారాగారములనుండి విముక్తి పొందిన వాహన సమూహములు హారన్ల భేరీభాంకారములతో దిక్కులను పిక్కటిల్లజేయుచుండ, బేకరీవాడు అమ్ముడుపోని బన్నులను అద్దాల అలమరలో ముందు వరుసకు జరిపి వానికి నవయౌవనమును ప్రసాదించుచుండ, వారాంతమునకు ముందటి ఆ సంధ్యాసమయమున, మూతబడిన ఫర్నిచరు దుకాణము వెనుకనున్న విశాలమగు పార్కింగు మైదానమునందు, పగుళ్ళలో గడ్డి మొలచి, తెల్లగీతలు సగము చెరిగి, ఒక మూల ఎవరో విడిచిపోయిన సరుకుల తోపుడుబండి ఒంటరిగా నిలిచియున్న ఆ మహారణరంగమున, బూడిదవన్నె కారొకటి ప్రవేశించెను. దానితోబాటు ఒక శబ్దము కూడ ప్రవేశించెను.

టక్. టక్. టక్. టక్.

ఇంతేనా అని నవ్వువారు నవ్వుకొనవచ్చును. ఆ శబ్దముతో ఒక్క పూట ప్రయాణించినవారు మాత్రము నవ్వరు. తిన్నని దారిలో అది నోట్లో నాలుక లేనట్లు అణగియుండును. మలుపు వచ్చి, స్టీరింగు తిరిగి, యాక్సిలరేటరుపై పాదము మోపినంతనే ముందు చక్రముల మూలమునుండి లేచి, వంటింట ఎవరో స్టీలు గిన్నెను గోటితో కొట్టుచున్నట్లు టకటకలాడును. మలుపు తిరుగుట ముగియగానే తనకేమియు తెలియదన్నట్లు ఊరకుండును. కనబడక, అలసిపోక, నిద్రపోక, మలుపు మలుపునకు మరల పుట్టు ఇట్టి శత్రువును పూర్వులెవరును వర్ణించినట్లు లేదు. కావున ఆ భారము నా నెత్తిన పడినది.

రథమునందలి వీరులను విన్నవించెదను. స్టీరింగు వహించినది ఇంటి ఇల్లాలు. దంతవైద్యశాలలో ముందు బల్ల వద్ద కూర్చుండి, బుగ్గ వాచి రంకెలు వేయుచు వచ్చువారిని సైతము ఒక్క చూపుతో బెంచీపై కూర్చుండబెట్టగల ధీరురాలు. ఆమె ఎడమ ప్రక్క, ముందు సీటను సింహాసనమునందు ఆసీనులైనవారు ఆమె తండ్రిగారు. సముద్రగర్భఘోషను మించిన ఘోషగల ఓడల ఇంజను గదులలో జీవితమంతయు గడిపి, చీఫ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, ఇంటిల్లిపాదికిని ఇరుగుపొరుగునకును "చీఫ్"గా ప్రసిద్ధికెక్కిన నాదకోవిదులు. కారు మొదట వారిదే. మోకాలు మొరాయించగా కూతురికి ఇచ్చివేసిరి. ముందు సీటును మాత్రము ఇయ్యలేదు.

ఇక వెనుక సీటున, ఒక ప్రక్క చీఫ్‌గారి పనిముట్ల పెట్టె, మరొక ప్రక్క చీఫ్‌గారి మడత కుర్చీ ఆక్రమింపగా, సీటు నడుమ ఉబ్బెత్తుగా లేచిన గుట్టపై మోకాళ్ళు గడ్డమునకు ఆనించుకొని ముడుచుకొనియున్నవాడే మన కథానాయకుడు, కళ్ళద్దాల దుకాణాధిపతి, చిన్న అక్షరముల వరుస వద్ద ఎందరినో మట్టికరిపించిన మహాయోధుడు, ఆ ఇంటి అల్లుడు. పెండ్లి అయిన నాటినుండియు ఆ గుట్టయే ఆయన ఆస్థానము.

ఈ యుద్ధమునకు కారణము చెప్పవలెను. శబ్దము కుడివైపునుండి వచ్చుచున్నదని చీఫ్‌గారు సెలవిచ్చిరి. ఇంజను బలమును చక్రమునకు చేరవేయు ఇనుప కడ్డీని, దాని కొసన అన్ని దిక్కులకు వంగు జాయింటును కలిపి మెకానిక్కులు యాక్సిలందురు. కుడివైపు యాక్సిలును మార్పించిరి. శబ్దము పోలేదు. క్రొత్తది నాసిరకమని చీఫ్‌గారు తేల్చగా మరల మార్పించిరి. శబ్దము మరింత హుషారుగా పలికెను. ఒకసారి ఎడమవైపు కూడ చూడరాదా అని అల్లుడొకనాడు నోరు జారగా, చీఫ్‌గారు భోజనము మధ్యలో లేచి, "నా చెవి మీద నమ్మకం లేనప్పుడు నన్నడగడం ఎందుకు?" అని గదిలోనికి వెళ్ళి తలుపు వేసికొనిరి. అది మొదలు ఆ ఇంట ఎడమ అను మాటను, చెప్పులు వెదకుకొనునప్పుడు కూడ, ఎవరును ఉచ్చరించలేదు.

తుదకు సారథికి విసుగెత్తెను. దంతవైద్యుని తమ్ముడు ఆ కారును ఉన్నదున్నట్లు తీసికొనుటకు సిద్ధముగా నుండెను, తెల్లవారగానే వచ్చును. "ఇవాళ సాయంత్రం లోపు అదెక్కడుందో తేలిందా సరే. లేకపోతే కారు ఇచ్చేస్తున్నా నాన్నా. ఆ టకటకతో రోజూ నా తల పగిలిపోతోంది" అని ఆమె ఉదయముననే ప్రకటించియుండెను.

కారు పోయినచో అల్లునికి కలుగు నష్టమేమియు లేదు. బస్సులో ఆయన మోకాళ్ళకు ఎక్కువ చోటు దొరకును. కాని చీఫ్‌గారి మాట చెల్లుబాటగు చోటు లోకములో ఆ కారొక్కటే. ఇంట టీవీ రిమోటు ఆయన మాట వినదు, ఫోను అసలే వినదు. కారు మొరాయించినప్పుడు మాత్రము అందరును ఆయన ముఖము వంక చూతురు. అది కూడ పోయినచో ఆ పెద్దమనిషి కిటికీ ప్రక్క కూర్చుండి చిన్నబోవును. లేదా, అంతకన్న ఘోరముగా, ఫ్రిజ్జును, వాషింగు మెషీనును, చివరకు అల్లుని గురకను పరీక్షింప మొదలిడును. మామగారనిన అల్లునికి భయమే. ఇష్టము కూడ ఉన్నది, కాని అది భయము వెనుక, వెనుక సీటులో కూర్చుండును.

మైదానము చివర మెకానిక్కు షెడ్డు. అతడు షట్టరు క్రింద నిలిచి, నల్లని చేతులను అంతకన్న నల్లని గుడ్డతో తుడుచుకొనుచు కారు కిటికీ వద్దకు వచ్చెను.

"చీఫ్ గారూ, కుడిదీ ఎడమదీ రెండూ తెప్పించి పెట్టాను. మీరు ఏ వైపంటే ఆ వైపు విప్పుతా. కానీ షట్టర్ దించే లోపే చెప్పాలి సార్. ఇంటికి చుట్టాలొచ్చారు, ఇప్పటికే మా ఆవిడ మూడు ఫోన్లు చేసింది."

"తేల్చేద్దాం" అని చీఫ్‌గారు అద్దమును దించిరి. "అమ్మాయ్, స్టీరింగు కుడికి పూర్తిగా తిప్పి మెల్లగా రౌండ్లు కొట్టు. ఎవరూ మాట్లాడొద్దు. ఊపిరి కూడా కాస్త చూసి తీసుకోండి."

అంతట రథము మండలాకారముగా పరిభ్రమింప దొడగెను. టైర్లు కంకరను నమలుచుండ, వెనుక పనిముట్ల పెట్టె కథానాయకుని డొక్కలో పొడుచుచుండ, కిటికీ ఆవల తోపుడుబండి, షెడ్డు, మెకానిక్కు, మరల తోపుడుబండి, ఇట్లు లోకమంతయు వలయాకారమున సాగుచుండ, చక్రగహ్వరమునందు సుప్తావస్థనుండి మేల్కొనిన టకటకాసురుడు ఒక్కసారిగా విజృంభించి, టక్కుమని ఒక బాణము, టకటకమని బాణపరంపర, టకటకటకమని శరవర్షమును సీట్ల క్రిందుగా వీరుల వీపులలోనికి వదలెను. సారథి పండ్లు బిగించెను. దంతవైద్యశాలలో పనిచేయువారు చేయరాని పని అది.

చీఫ్‌గారు కన్నులు మూసి, గడ్డము ఎత్తి, తీర్పు చెప్పిరి. "కుడి ముందు చక్రం. తుఫానులో ఓడ ఊగిపోతుంటే, అంత పెద్ద ఇంజను హోరులో ఒక్క వాల్వు తప్పు కొట్టుకున్నా పట్టిన చెవి ఇది. నన్ను మోసం చేసే మెషీను ఇంకా తయారవలేదు."

"కుడివైపు రెండుసార్లు మార్చాం నాన్నా."

"అయితే మూడోసారి మారుస్తాం."

"మూడోసారి లేదు. పొద్దున వాళ్ళొస్తారు, తాళాలు ఇచ్చేస్తా. అంతే."

చీఫ్‌గారు డ్యాషుబోర్డుపై చేయి వేసి, దుమ్ము లేని చోట దుమ్ము తుడిచిరి. వెనుకనుండి అల్లుడు అది చూచెను.

అప్పుడా కథానాయకుడు, గుట్టపై నిటారుగా లేవబోయి తల పైకప్పునకు తగిలి, అయినను చలింపక, "ఓ నాదకోవిదా! ఓ జలధియానయంత్రపారంగతా! శత్రువు వామభాగమున పొంచియున్నాడని నా కర్ణయుగళము ఘోషించుచున్నది! వినుము, లేదా ఈ గుట్టపైననే నన్ను పాతిపెట్టుము!" అని గర్జింపదలచెను. నోటినుండి వెడలినది మాత్రము ఇది:

"అది కాదు మామయ్యగారూ... మా షాపులో ఒక పద్ధతుంది. ఒక్కసారి ట్రై చేద్దామా?"

"కళ్ళద్దాల షాపు పద్ధతి కారుకు ఎలా పనికొస్తుందోయ్?"

"ఏ కన్ను ఎంత చూస్తోందో తెలియాలంటే ఒకటి మూసి రెండోదాంతో చదివిస్తాం. అలాగే ఒక చెవి మూసి రెండోదాంతో విందాం. అందరం. అప్పుడు మీరు చెప్పింది ఇంకా గట్టిగా రుజువవుతుంది."

రుజువను మాట చీఫ్‌గారికి నచ్చెను. రథము మరల తిరుగ నారంభించెను. మొదట సారథి ఒక చేత స్టీరింగు పట్టి, రెండవ చేత ఒక్కొక్క చెవిని మూసి చూచెను. కుడి చెవి మూసినప్పుడు శబ్దములో మార్పు లేదనియు, ఎడమ చెవి మూసినప్పుడు కొంచెము తగ్గినదనియు చెప్పెను. అల్లుడును అట్లే చెప్పెను. ఎడమ అను మాట గాలిలో వ్రేలాడుచుండగా చీఫ్‌గారి వంతు వచ్చెను.

వారు ఎడమ చెవిని మూసికొనిరి. "స్పష్టంగా ఉంది. కుడివైపు." తరువాత కుడి చెవిని మూసికొనిరి. ఒక్క క్షణము విని, విజయగర్వముతో చేయెత్తిరి.

"ఆగిపోయింది! చూశారా? శబ్దం దానంతటదే ఆగిపోయింది!"

కారులో టకటక యథాప్రకారము మ్రోగుచునే యుండెను.

"అమ్మాయ్, ఇంజను ఎందుకు ఆపేశావ్?"

సారథి ఇంజను ఆపలేదు. కిటికీలో తోపుడుబండి మెల్లగా వెనుకకు సాగి పోయెను, షెడ్డు వచ్చెను, మెకానిక్కు వచ్చెను. చీఫ్‌గారు వానిని చూచుచుండిరి. కారు తిరుగుచున్నది, ఇంజను వినబడుట లేదు. వారి అరచేయి కుడి చెవిపై అట్లే ఉండిపోయెను. ఎడమనుండి పిలిచినచో ఆయన పలుకకపోవుట ఆయన హుందాతనమని ఇంట అందరును ఇన్నాళ్ళు అనుకొనిరి. ఆయన కూడ అట్లే అనుకొనియుండవచ్చును.

"నాన్నా, నీకు..." అని సారథి నోరు తెరచెను.

"ఆపు, ఒక్క నిమిషం బండి ఆపు" అని అల్లుడు వెనుకనుండి ఆమె భుజము తట్టెను. ఆమె అద్దములో ఆయన ముఖమును చూచి, నోరు మూసికొని, బండి ఆపెను.

గాథకుడు ఇచ్చట ఢంకాను ఒక ప్రక్కన పెట్టవలసియున్నది. కళ్ళద్దాల దుకాణములో అల్లుడు ఇట్టి క్షణములను ఎన్నియో చూచినవాడు. మంచి కంటిని మూయగానే, రెండవ కంటికి చూపు లేదని ఆనాడే తెలిసికొనిన మనిషి గోడ మీది అక్షరములను చూడడు. ఎదుటనున్న మనిషి ముఖమును చూచును, ఎవరికైనా తెలిసిపోయినదా అని. చీఫ్‌గారు ఇప్పుడట్లే వెనుకకు తిరిగి చూచిరి. శత్రువు దొరకినాడు, ఎడమవైపే ఉన్నాడు. ఆ మాట ఇప్పుడు అన్నచో కారు దక్కును, మామగారు దక్కరు. అట్టి గెలుపు ఆయనకు అక్కరలేదు.

వెంటనే ఆ ధీమంతుడు మడత కుర్చీని చంకన పెట్టుకొని బయటకు దుమికెను.

"మామయ్యగారూ, లోపల కూర్చుంటే లాభం లేదు. సీట్లూ అద్దాలూ శబ్దాన్ని అటూ ఇటూ కొట్టి గందరగోళం చేస్తున్నాయి. మీరు బయట, బండికి ఎదురుగా కూర్చుని వినండి."

ఈ సూచనలో తప్పు పట్టుటకు చీఫ్‌గారు ప్రయత్నించిరి, దొరకలేదు. కారు ముందర, కొంచెము దూరముగా, హెడ్‌లైట్లకు అభిముఖముగా కుర్చీ వేయబడెను. వారు కూర్చుండిరి. కుడిప్రక్క మెకానిక్కు, వెనుక అల్లుడు నిలిచిరి. సారథి చక్రములను పూర్తిగా త్రిప్పి, బండిని ఒక్క ఉదుటున కొంచెము ముందుకు, మరల కొంచెము వెనుకకు కదలించెను. టక్. టక్. టకటక. చీఫ్‌గారు కన్నులు మూసికొనిరి. పని చేయు చెవి ఒక్కటే, అది కుడిది. కావున శబ్దమంతయు ఎప్పటివలెనే కుడివైపునుండియే వచ్చెను. వారి కుడిచేయి లేచి, చూపుడువ్రేలు తన కుడిప్రక్కకు చాచెను.

"ఇటు."

మెకానిక్కు ఆ వ్రేలిని చూచెను. వ్రేలి కొసనున్న చక్రమును చూచెను.

"చీఫ్ గారూ, అది బండికి ఎడమ వైపు కదా?"

అంతలో అల్లుడు ముందుకు వచ్చి, అసత్యములలో చక్రవర్తి వంటి అసత్యమును, కంఠము వణకకుండ పలికెను:

"మొదటినుంచీ మామయ్యగారు చెబుతున్నది అదే. బండికి ఎదురుగా నిలబడి చూస్తే కుడి. మనమే లోపల కూర్చుని కుడి అనుకున్నాం. తప్పు మనది."

కుడివైపు విప్పిన రెండు పర్యాయములును చీఫ్‌గారు ఇదే మడత కుర్చీలో కూర్చుండి, బోల్టు బోల్టునకు సలహా చెప్పిన సంగతి ఎవరికిని గుర్తు రాలేదు. గుర్తు వచ్చినవారు రానట్లు నటించిరి. మెకానిక్కు గడ్డము గోకుకొని, "అవును, నిజమే, నాదే పొరపాటు" అనెను. అతని ఇంట చుట్టములుండిరి.

చీఫ్‌గారు తన వ్రేలిని చూచుకొనిరి, అల్లుని చూచిరి, దగ్గిరి. "మరి! ఎన్నిసార్లు చెప్పాలి మీకు? విప్పండి."

అంతట జాకీ లేచెను, బోల్టులు కీచుమనుచు లొంగెను, చక్రము కవచము వలె ఊడి నేలవాలెను. జాయింటుపైని రబ్బరు తొడుగు చూచుటకు క్షేమముగానే యుండెను. అందుకే ఇన్నాళ్ళు ఎవరికిని అనుమానము రాలేదు. కాని మెకానిక్కు మడతలను వ్రేళ్ళతో విప్పి చూడగా, లోపలి మడతలో కత్తివాటుగా ఒక చీలిక. లోపల గ్రీజు లేదు, ఇసుక మాత్రమున్నది. మెకానిక్కు కడ్డీని ఊడదీసెను. చీఫ్‌గారు కుర్చీలోనుండి వంగి, "ఇటివ్వు" అని, కడ్డీని రెండు చేతులతో పట్టి, ఇటొక చుట్టు అటొక చుట్టు మెలిపెట్టి చూచిరి. జాయింటులో వదులు వారి అరచేతులకు తగిలెను. ఆ చేతులకు ఏ చెవియు అవసరము లేదు.

"ఇదిగో దొంగ" అని వారు మెల్లగా అనిరి. ముఖము వెలిగిపోయెను. "లోపలి ఇనుప బంతులు అరిగిపోయి గూట్లో ఆడుతున్నాయి. చేత్తో తెలుస్తోంది చూడు అల్లుడూ, పట్టుకో." అల్లుడు పట్టుకొనెను. గ్రీజు లేని జాయింటు ఆయన చొక్కాకు ఎట్లు అన్ని మరకలు చేసెనో ఇప్పటికిని తెలియదు.

క్రొత్త యాక్సిలు ఎక్కెను. సారథి రథమును కుడికి త్రిప్పెను, ఎడమకు త్రిప్పెను, తోపుడుబండి చుట్టును ఎనిమిది అంకె ఆకారముగా త్రిప్పెను. టైర్ల క్రింద కంకర తప్ప వేరు శబ్దము లేదు. మలుపులన్నియు వెన్నలో కత్తివలె సాగెను. మెకానిక్కు చేతులెత్తి దండము పెట్టి, షట్టరు దించి, చుట్టములను ఎదుర్కొనుటకు పరుగెత్తెను. సారథి బండి ఆపి ఫోను తీసి, "సారీ అండీ, కారు ఇవ్వడం లేదు. మా నాన్న బాగుచేయించేశారు" అని దంతవైద్యుని తమ్మునికి చెప్పెను.

చీఫ్‌గారు ముందు తలుపు వద్దకు వచ్చి, పిడిపై చేయి వేసి, ఎక్కలేదు. కుర్చీని మడచుచున్న అల్లుని దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పిరి:

"ఓడలో కుడి అంటే ఓడకు కుడే. నువ్వు ఎటు తిరిగి నిలబడినా అది మారదు. చేరిన మొదటి రోజే నేర్పుతారు."

అల్లుడు కుర్చీని మరింత శ్రద్ధగా మడచెను. అది అప్పటికే మడవబడియుండెను.

"నీకది తెలియదనుకో. నాకు తెలుసు కదా." వారు కారు వంక ఒక చూపు విసరిరి. "మీ షాపు పక్కన చెవుల డాక్టరున్నాడన్నావు?"

"ఉన్నారు మామయ్యగారూ. మంచాయన."

"పొద్దున తీసుకెళ్తావా? అమ్మాయికి చెప్పకు, కంగారు పడుతుంది."

"ఇద్దరినీ నేనే దింపుతాలే" అని కారులోనుండి సారథి పలికెను. "నా రెండు చెవులూ బాగానే ఉన్నాయి నాన్నా."

చీఫ్‌గారు ఆకాశము వంక చూచి, నవ్వు ఆపుకొనలేక, తలుపు తెరిచి పట్టుకొని నిలిచిరి. తాను ఎక్కుటకు కాదు.

"ఎక్కు అల్లుడూ. ఇవాళ్టికి."

వినుడు, శ్రోతలారా, వినుడు! ఏ సీటు కొరకు ఇన్ని సంవత్సరములు డొక్కలో పనిముట్ల పెట్టె పోటును సహించెనో, ఏ సీటును కలలో సైతము ఓరగా మాత్రమే చూచెనో, ఆ ముందు సీటున అల్లుడు ఆసీనుడయ్యెను! చీఫ్‌గారు కుర్చీని, పెట్టెను డిక్కీలోనికి నెట్టించి, వెనుక ఎడమ కిటికీ ప్రక్క కూర్చుండిరి. అచ్చటనుండి కూతురి మాట, అల్లుని మాట రెండును వారి మంచి చెవికే చేరును. పిమ్మట ఆ మహావీరుడు సీటు క్రిందికి చేయి పోనిచ్చి, మీటను కనుగొని, లాగి, సమస్త లోకములును చూచుచుండగా సీటును ఒక బెత్తెడు వెనుకకు జరిపి, తన మోకాళ్ళను చాచెను.

"అల్లుడూ! నా మోకాలు!" అని వెనుకనుండి కేక వచ్చెను. సీటు బెత్తెడులో సగము ముందుకు వచ్చెను. మిగిలిన సగము నిలిచెను; దానిని ఆయన వదలలేదు.

కారు రోడ్డెక్కి మొదటి మలుపు నిశ్శబ్దముగా తిరిగెను. రెండవ మలుపు వద్ద చీఫ్‌గారు చేయెత్తిరి.

"ఆగండాగండి. ఏదో కిర్రుమంటోంది."

సారథి స్టీరింగుపై నుదురు ఆనించినంత పని చేసెను. అల్లుడు వెనుకకు తిరిగి, వినయముగా అడిగెను:

"కుడివైపా మామయ్యగారూ, ఎడమవైపా?"

"పొద్దున డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక చెబుతా" అనిరి చీఫ్‌గారు.